హార్ప్ మీద మోహనం: ఆలిస్ కోల్‌ట్రేన్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ అనే జాజ్ రికార్డును అరపేజీలో పరిచయం చేశాం. దాన్ని చేసిన ఆలిస్ కోల్‌ట్రేన్ పియానో, హార్ప్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం), ఆర్గన్ వాయించేవారని, తర్వాతి రోజుల్లో కాషాయం కట్టి భజనలు కట్టారని రాశాం. వచ్చిన ఉత్తరాల్లో చాలా మటుకు ఆ అరపేజీలో పట్టక వదిలేసిన సంగతుల గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: ఇంతకీ ఎవరీమె? ఎక్కడ చూసినా జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్‌ట్రేన్ భార్య అని తప్ప ఇంకో ముక్క లేదు. భర్త పోయాక వాద్యం పట్టారా, ముందు నుంచీ వాయించేవారా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: భర్త పోయాక కొత్తగా పట్టింది హార్ప్ ఒక్కటే. పియానో ఏడో ఏటి నుంచీ ఉంది.

1937 ఆగస్టు 27న డెట్రాయిట్‌లో పుట్టారు. అప్పటి పేరు ఆలిస్ మెక్లౌడ్. తల్లి చర్చి బృందంలో పాడేవారు. అన్న ఎర్నీ ఫారో జాజ్ బాస్ వాద్యకారుడు. చెల్లెలు మెరిలిన్ తర్వాత మోటౌన్ కంపెనీకి పాటలు రాశారు. ఇంట్లో వాతావరణం అది. చిన్న వయసులోనే చర్చిలో ఆర్గన్ వాయించడం అలవడింది. నల్లవారి చర్చిలో ఆర్గన్ వాయించేవాళ్లకు ఒక శిక్షణ దానంతట అదే వస్తుంది: పాడేవాళ్లు ఎక్కడ సాగదీస్తారో, ఎక్కడ చప్పట్లు జోరందుకుంటాయో చెవితో పట్టుకుని కింద శ్రుతుల గుచ్ఛం (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, కార్డ్) మారుస్తూ పోవాలి. కాగితం చూసి వాయిస్తే కుదిరే పని కాదు. నలభై ఏళ్ల తర్వాత ఆశ్రమంలో ఆమె భజన నడిపించిన తీరుకు మూలం ఇక్కడుంది.

1959 ప్రాంతంలో పారిస్ వెళ్లారు. బీబాప్ అనే వేగమైన జాజ్ శైలిలో పియానోకు రూపు కట్టిన బడ్ పావెల్ అప్పుడు అక్కడే ఉన్నారు. ఆయన దగ్గర నేర్చుకుంటూ, బ్లూ నోట్ క్లబ్బులో పెద్ద బృందాల కచేరీ విరామాల్లో వాయించేవారు. 1960లో గాయకుడు కెన్నీ ‘పాంచో’ హేగుడ్‌ను పెళ్లి చేసుకున్నారు, ఒక కూతురు పుట్టింది. ఆ సంసారం నిలవలేదు. బిడ్డను తీసుకుని డెట్రాయిట్ తిరిగొచ్చి మళ్లీ క్లబ్బుల్లో పని మొదలుపెట్టారు.

1962, 63లో వైబ్రఫోన్ (లోహపు పలకలను కర్రలతో కొట్టే వాద్యం) వాద్యకారుడు టెరీ గిబ్స్ బృందంలో పియానిస్టు. వైబ్రఫోన్ కూడా వాయించగలరు కాబట్టి కచేరీల్లో ఇద్దరూ ఒకే వాద్యం మీద జోడీగా వాయించేవారు. గిబ్స్ 1963లో యూదుల పాటలను జాజ్‌లో పెట్టి ఒక రికార్డు తెచ్చారు. అందులో పియానో ఆలిస్ మెక్లౌడ్ పేరుతోనే ఉంటుంది. దొరికితే వినండి. కుడిచేతి వరసలు గబగబా, ముక్కుసూటిగా పోతాయి. ఎక్కడా వాన జల్లులాంటి ఆ తర్వాతి శైలి లేదు. పేరు చూడకుండా వినిపిస్తే ఆమె అభిమానులే పోల్చుకోలేరు.

అదే ఏడాది న్యూయార్క్ బర్డ్‌లాండ్ క్లబ్బులో గిబ్స్ బృందమూ జాన్ కోల్‌ట్రేన్ బృందమూ ఒకే కార్యక్రమంలో వాయించాయి. పరిచయం అక్కడ. 1965లో పెళ్లి. ముగ్గురు మగపిల్లలు: జాన్ జూనియర్, రవి, ఓరన్. రవికి ఆ పేరు సితార్ రవిశంకర్ మీది గౌరవంతో పెట్టిందే. జాన్‌ను కలిసేనాటికే ఆమె జీతానికి వాయిస్తున్న వృత్తి కళాకారిణి. ఈ వరస తారుమారు చేసి చెప్పేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: జాన్ బృందం నుంచి మెక్కాయ్ టైనర్ లాంటి పియానిస్టు తప్పుకోగానే ఆ కుర్చీలో భార్యను కూర్చోబెట్టుకోవడం బంధుప్రీతి కాదా? నేరుగానే అడుగుతున్నా, ఏమనుకోకండి. (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: అనుకోవడానికేముంది, 1966లో అమెరికాలోనూ చాలామంది ఇదే అడిగారు. టైనర్‌ను ఎవరూ పంపలేదు. బృందంలో ఇద్దరు డ్రమ్మర్లు చేరాక తన పియానో తనకే వినిపించడం లేదని 1965 చివర్లో ఆయనే తప్పుకున్నారు.

ఆయన ఎడమచేయి కింది స్వరాన్ని గంట కొట్టినట్టు బలంగా వేస్తుంది, కుడిచేయి దాని మీద గట్టి దిమ్మెలు పేరుస్తుంది. నడక స్థిరంగా ఉన్నంతకాలం అది మహాద్భుతం. 1966కు జాన్ సంగీతంలో స్థిరమైన నడకే పోయింది. రషీద్ అలీ డ్రమ్స్ మీద లెక్క పెట్టుకునే దెబ్బ ఉండదు, అల లేచి పడుతున్నట్టు ఉంటుంది. దాని మీద దిమ్మెలు పెడితే శాక్సోఫోన్‌ను ఒకచోట కట్టేసినట్టవుతుంది. ఆలిస్ పెడల్ తొక్కిపట్టి, శ్రుతుల గుచ్ఛాన్ని విడి స్వరాలుగా విప్పి, కింది నుంచి పై దాకా మెట్ల మొత్తం మీద పరిచేవారు. వాద్యమంతా వాడమని జాన్ తనను ప్రోత్సహించారని ఆమె తర్వాత చెప్పుకున్నారు. కావలసింది అలాంటి చేయే.

నిర్ధారించుకోవాలంటే 1967 ఫిబ్రవరి 15న రికార్డు చేసిన ‘స్టెల్లార్ రీజియన్స్’ వినండి. బయటికి వచ్చింది 1995లో. పాటలు చిన్నవి, పియానో స్పష్టంగా వినిపిస్తుంది. జపాన్ కచేరీ రికార్డులతో మొదలుపెట్టవద్దు. ఒక్కో పాట అరగంట పైన సాగుతుంది, కొత్తవారికి చెవులు హోరెత్తి పియానో సంగతే గుర్తుండదు.

ప్రశ్న: సచ్చిదానంద అంటే మా పుట్టపర్తి సాయిబాబాయేనా? ఆమె బాబా భక్తురాలని మా దగ్గర చెప్పుకుంటారు. (ఒక పాఠకురాలు, ధర్మవరం)

జవాబు: ఇద్దరూ వేరు, ఆమెకు ఇద్దరితోనూ సంబంధం ఉంది.

రికార్డు పేరులో ఉన్నది స్వామి సచ్చిదానంద. కోయంబత్తూరు దగ్గర పుట్టి, రుషీకేశ్ శివానంద స్వామి శిష్యుడై, 1966లో అమెరికా చేరి ఇంటిగ్రల్ యోగా సంస్థ పెట్టారు. 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవాన్ని ప్రారంభించిన కాషాయ స్వామి ఈయనే. 1967 జూలై 17న జాన్ కాలేయ క్యాన్సర్‌తో నలభయ్యో ఏటనే పోయారు. నలుగురు పిల్లలతో మిగిలిన ఆలిస్ నిద్ర లేక, ఒళ్లు కరిగిపోయి, తీవ్రమైన మానసిక ఆధ్యాత్మిక సంక్షోభంలోంచి నడిచారు. ఆ దశలో ఆమెకు ఆసరా అయిన గురువు సచ్చిదానంద.

ఇక్కడొక తేదీ సరిచూసుకోవాలి. ఇండియా తిరిగొచ్చి ఆ రికార్డు చేశారని చాలామంది రాస్తుంటారు. టైటిల్ పాటతో సహా నాలుగు పాటలు రికార్డయింది 1970 నవంబర్ 8న, లాంగ్ ఐలాండ్ డిక్స్ హిల్స్‌లో సొంత ఇంటి స్టూడియోలో. స్వామితో ఇండియా ప్రయాణం డిసెంబర్‌లో. ‘స్టాపోవర్ బాంబే’ అనే పాటకు ఆ పేరు పెట్టేటప్పటికి బాంబే ఇంకా ముందుంది. ఆ ప్రయాణం తర్వాత వచ్చింది ‘యూనివర్సల్ కాన్షస్‌నెస్’. ‘హరే కృష్ణ’, ‘సీతారామ్’ కనిపించేది అందులో.

సత్యసాయి భక్తి తర్వాతి మజిలీ. 1972లో కాలిఫోర్నియా మారారు, 1975లో వేదాంతిక్ సెంటర్ స్థాపించారు, మరుసటేడు సన్యాసం తీసుకుని తురీయసంగీతానంద అయ్యారు. 1983లో అగోరా దగ్గర శాంటా మోనికా కొండల్లో 48 ఎకరాల్లో ఆశ్రమం కట్టారు. పేరు మొదట శాంతి అనంతం, 1994లో సాయి అనంతం అని మార్చారు. ఆ ‘సాయి’ మీ పుట్టపర్తి సాయే. 2004లో వచ్చిన చివరి ఆల్బమ్ ‘ట్రాన్స్‌లీనియర్ లైట్’ను ఆశ్రమ గాయకులతో పాడించిన ‘సత్యసాయి ఈశ’ అనే భజనతో ముగించారు. ఆమె పోయింది 2007 జనవరి 12న. ఆశ్రమ భవనాలు 2018 నవంబర్‌లో ఊల్సీ కార్చిచ్చుకు ఆహుతయ్యాయి.

ప్రశ్న: వీణ పాఠాలు చెబుతుంటాను. హార్ప్ మీద మన రాగాలు పలుకుతాయా? పెడల్స్ ఉంటాయి, ఆ కాళ్ల పని ఏమిటో ఎవరూ అర్థమయ్యేలా చెప్పరు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: స్వరస్థానాలు పలుకుతాయి, గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) పలకదు. మేళకర్త (72 మూల రాగాల పట్టిక) తెలిసిన మీకు పెడల్స్ అర్థం కావడం చాలా తేలిక.

పెద్ద కచేరీ హార్ప్‌కు 47 తీగలు, 7 పెడల్స్. ఒక్కో పెడల్ ఒక్కో స్వరానిది. పాశ్చాత్యుల ఏడు స్వరాల పేర్లు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. ఎడమ పాదం కింద డి, సి, బి. కుడి పాదం కింద ఇ, ఎఫ్, జి, ఎ. సి పెడల్ కదిపితే అన్ని స్థాయుల్లోని సి తీగలూ ఒకేసారి మారతాయి. ప్రతి పెడల్‌కూ మూడు మెట్లు: పై మెట్టు ఫ్లాట్ (అర స్వరం తక్కువ), మధ్య మెట్టు నేచురల్ (మామూలు స్వరం), కింది మెట్టు షార్ప్ (అర స్వరం ఎక్కువ). పెడల్ దిగినప్పుడు ముందు స్తంభంలోంచి వెళ్లే కడ్డీ పై మెడలోని చిన్న బిళ్లను తిప్పుతుంది. బిళ్లకున్న రెండు పిన్నులు తీగను నొక్కి పొట్టి చేసి అర స్వరం పెంచుతాయి. ఇంకా దించితే రెండో బిళ్ల తిరిగి ఇంకో అర స్వరం పెంచుతుంది. తీగల మధ్య దారి తప్పకుండా సి తీగలకు ఎర్ర రంగు, ఎఫ్ తీగలకు నల్ల రంగు వేస్తారు.

ఇప్పుడు సి ని షడ్జం చేసుకోండి. డి తీగ మూడు మెట్లలో శుద్ధ, చతుశ్రుతి, షట్‌శ్రుతి రిషభాలు. ఇ తీగ ఫ్లాట్‌లో సాధారణ గాంధారం, నేచురల్‌లో అంతర గాంధారం. ఎఫ్ నేచురల్ శుద్ధ మధ్యమం, షార్ప్ ప్రతి మధ్యమం. జి పంచమం. ఎ తీగ మూడు ధైవతాలూ ఇస్తుంది, బి తీగ కైశికి, కాకలి నిషాదాలు. దొరకనివి శుద్ధ గాంధారం, శుద్ధ నిషాదం మాత్రమే, ఎందుకంటే ఇ, బి తీగలు ఫ్లాట్ కంటే కిందికి దిగవు. అంటే రి-గ జంటలు ఆరింట్లో అయిదు, ధ-ని జంటలు ఆరింట్లో అయిదు, మధ్యమాలు రెండు. 72 మేళాల్లో 50 కూర్చుంటాయి. మాయామాళవగౌళకు అన్నీ మధ్య మెట్టులో పెట్టి డి, ఎ పెడల్స్ రెండూ పైకి లేపితే చాలు. సి తో కుదరని కనకాంగి కూడా శ్రుతిని ఒకటిన్నరకు, అంటే సి షార్ప్‌కు, పెంచితే వచ్చేస్తుంది: సి షార్ప్, డి నేచురల్, ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ నేచురల్, బి ఫ్లాట్. కానీ ఆ శ్రుతిలో ప్రతి మధ్యమం పోతుంది.

అయిదే స్వరాలుండే ఔడవ రాగాల దగ్గర అసలు తమాషా ఉంది. హార్ప్ మీద వేళ్లు జార్చుకుంటూ పోతే ఏడు తీగలూ మోగుతాయి, వద్దనుకున్న రెండింటిని దాటవేయలేరు. అందుకని వాటిని పక్క స్వరంలోకి తోసేస్తారు. మోహనానికి ఎఫ్ తీగను ఫ్లాట్ చేస్తే అది ఇ తో కలిసిపోతుంది, బి తీగను షార్ప్ చేస్తే సి తో కలుస్తుంది. మిగిలినవి నేచురల్. ఇక ఎటు జార్చినా మోహనమే, తప్పు స్వరం తగలమన్నా తగలదు. హిందోళానికి డి షార్ప్, ఇ ఫ్లాట్ ఒకటే గాంధారం, జి షార్ప్, ఎ ఫ్లాట్ ఒకటే ధైవతం, బి ఫ్లాట్, సి, ఎఫ్ నేచురల్. ఒకే స్వరం రెండు పక్క తీగల మీద వెంటవెంటనే మోగడం వల్ల జల్లులో ఒక మెరుపు వస్తుంది. ఆలిస్ జారుడుల్లో వినిపించే ఒత్తైన మెరుపుకు ఇలాంటి అమరికలే ఆధారం.

ఆమెకు హార్ప్ అంతగా కుదరడానికి కారణం కూడా పెడల్సే. బీబాప్‌లో రెండేసి దెబ్బలకు ఒకసారి శ్రుతులు మారతాయి, పాదాలకు క్షణం తీరిక ఉండదు. అదే డెట్రాయిట్ నుంచి వచ్చిన డొరొతీ ఆష్‌బీ ఆ కష్టమైన పనిని 1957 నాటికే రికార్డులకెక్కించారు. విడి స్వరాలతో, గిటార్ అంత స్పష్టంగా వాయిస్తారు. హార్ప్ పనితనం మాటకొస్తే ఆష్‌బీదే పైచేయి. ఆలిస్ దారి వేరు. అప్పటికి జాన్ సంగీతం ఒకే స్వర సముదాయం మీద నిమిషాల తరబడి నిలిచేది. అక్కడ పెడల్స్ ఒకసారి అమర్చుకుంటే చేతులకు పూర్తి స్వేచ్ఛ.

పొరపాట్లు జరిగే చోట్లు మూడు. తీగ ఇంకా మోగుతుండగా పెడల్ కదిపితే జుయ్‌మని జారుతుంది. పెడల్ గాడిలో పూర్తిగా కూర్చోకపోతే తీగ పిన్నుకు తగిలి గరగరలాడుతుంది. కింది ఉక్కు తీగలను అరచేత్తో ఆపకపోతే పాత స్వరం కొత్తదాంట్లో కలిసి మురికైపోతుంది. మూడోదాన్ని ఆలిస్ చాలాసార్లు కావాలనే వదిలేసేవారు.

ప్రశ్న: ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ పాటలో తంబూరా వినిపిస్తోంది. ఏ రాగమో పట్టుకుందామని ఎంత ప్రయత్నించినా దొరకలేదు. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: దొరకదు, రాగం లేదు కాబట్టి. ఆరోహణ అవరోహణ నియమం, జీవస్వరం, తాళావర్తం, ఇవేవీ ఆమె తీసుకోలేదు. తీసుకున్నవి రెండు: ఆగకుండా మోగే ఆధార శ్రుతి, ఒకే స్వర సముదాయంలో ఎంతసేపైనా ఉండగల ఓపిక. మిగతాదంతా బ్లూస్, చర్చి సంగీతం. దీన్ని కర్ణాటక సంగీతంతో తూచి తక్కువ మార్కులు వేయడం అన్యాయం, ‘భారతీయ సంగీతం’ అని మురిసిపోవడం అంతకంటే తప్పు.

టైటిల్ పాట ఆరున్నర నిమిషాల చిల్లర. ఫోన్ స్పీకర్‌లో వింటే సగం పోతుంది: సెసిల్ మెక్‌బీ బాస్ కింది స్వరాలను ఆ స్పీకర్ పలికించలేదు, తంబూరా మంద్రం కూడా అంతే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి బాస్‌ను మాత్రమే పట్టుకోండి. చిన్న వరస, అదే మళ్లీ మళ్లీ వస్తుంది, మీకు ఆవర్తంలా ఉపయోగపడేది అదే. రెండోసారి తంబూరా మీటు ఎక్కడ పడుతోందో చూడండి. తులసి అనే ఆమె మీటుతున్న తంబూరా బాస్ లెక్కతో సంబంధం లేకుండా తన దారిన తాను పోతుంది. ఆ రెండు నడకల మధ్య వదులే పాటకు ప్రాణం. మూడోసారి ఫారో శాండర్స్ సోప్రానో శాక్సోఫోన్ వెనక హార్ప్ ఏం చేస్తోందో వినండి.

1971 ఫిబ్రవరి 21న కార్నెగీ హాల్లో, స్వామి సంస్థ సహాయార్థం, ఇదే పాటను పావుగంట వాయించారు. ఇద్దరు బాస్ వాద్యకారులు, ఇద్దరు డ్రమ్మర్లు, శాక్సోఫోన్ల మీద ఫారో శాండర్స్‌తో పాటు ఆర్చీ షెప్. పూర్తి కచేరీ 2024లో విడుదలైంది. మొదటి రెండు పాటలకు హార్ప్, తర్వాతి రెండింటికి పియానో. మనిషి చేతుల్లో ఎంత బలం ఉందో ఆ పియానో చెబుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు, కీబోర్డు నేర్చుకుంటోంది. ఆలిస్ వీడియోలు చూసి హార్ప్ కావాలంటోంది. ఏం కొనాలి, ఎలా చూసుకోవాలి? (ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: పెడల్ హార్ప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆరడుగుల ఎత్తు, దాదాపు 36 నుంచి 40 కిలోల బరువు, మెట్ల మీద తిప్పడం నరకం. 34 తీగల లివర్ హార్ప్ చాలు. ఇందులో పెడల్స్ బదులు ప్రతి తీగ పైన చిన్న మీట ఉంటుంది, లేపితే అర స్వరం పెరుగుతుంది. ప్రతి తీగకూ విడిగా లేపుకోవాలి, ఒక సి మీట లేపితే మిగతా సి లు మారవు. కొనేటప్పుడు అన్ని తీగలకూ మీటలున్నాయో లేదో చూడండి. చౌక రకాల్లో సి, ఎఫ్ తీగలకు మాత్రమే పెడతారు, ఆరు నెలల్లో అడ్డం పడుతుంది.

సాధారణంగా దీన్ని ఇ ఫ్లాట్ మేజర్‌లో శ్రుతి చేస్తారు. మీటలన్నీ కింద ఉండగా సి నుంచి సి దాకా మీటితే నఠభైరవి. ఇ, ఎ, బి మీటలు లేపితే శంకరాభరణం. మాయామాళవగౌళ సి నుంచి రాదు, డి ఫ్లాట్ లేదు. షడ్జాన్ని ఇ కి మార్చి ఇ, జి, ఎ, బి, డి మీటలు లేపితే వచ్చేస్తుంది. సరళీ వరసలతోనే మొదలుపెట్టవచ్చన్న మాట.

గోళ్లు పూర్తిగా కత్తిరించాలి, వేలి కండతో మీటాలి. చిటికెన వేలు వాడరు. కీబోర్డు అలవాటున్న పిల్లలు అయిదో వేలు పెట్టబోయి చేయి మెలితిప్పేస్తారు, మొదటి నెలలోనే మాన్పించాలి. వాద్యం కుడి భుజానికి ఆనాలి కానీ భుజం మోయకూడదు. ఆనించి చేతులు వదిలితే దాదాపు నిలబడేంత తూకంలో ఉండాలి.

తేమలో హెచ్చుతగ్గులు పెద్ద శత్రువు. ఎండాకాలం హైదరాబాద్ పొడికి నరం తీగలు పట్లున తెగుతాయి, వానల్లో ఉబ్బి శ్రుతి తప్పుతాయి. గదిలో చవక తేమ మీటరు పెట్టి 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. కూలర్ ఉన్న గదిలో అసలు పెట్టవద్దు. కొత్త తీగ వేశాక వారం పది రోజులు రోజుకు రెండు మూడుసార్లు శ్రుతి చేయాల్సిందే, సాగుతూనే ఉంటుంది. తెగినప్పుడు వేసుకోవడానికి విడి తీగల సెట్టు ముందే తెప్పించుకోండి. ఎన్నో నంబరు తీగ తెగిందో చెబితేనే సరైన మందం వస్తుంది. వాడనప్పుడు తీగలు వదులు చేయడం మంచిదని కొందరంటారు. చేయకండి, చట్రం బిగువు మారి మళ్లీ నిలవడానికి రోజులు పడుతుంది.

ప్రశ్న: మా సత్సంగంలో ఆలిస్ పాడిన ‘తురీయ సింగ్స్’ భజనలు పాడదామనుకుంటున్నాం. రెండు రకాల రికార్డులున్నాయి, ఏది అసలైనది? (ఒక పాఠకురాలు, డల్లాస్)

జవాబు: రెండూ అసలువే. 1982లో ఆశ్రమం కోసం క్యాసెట్‌గా వచ్చినదాంట్లో గొంతు, ఆర్గన్‌తో పాటు సింథసైజర్, తీగ వాద్యాలు కలిపారు. 2021లో కొడుకు రవి కోల్‌ట్రేన్ విడుదల చేసినది ఆమె గొంతు, వుర్లిట్జర్ ఆర్గన్ మాత్రమే ఉన్న ముడి రూపం. జగదీశ్వర్, జై రామచంద్ర, యమునాతీర విహారి వగైరా తొమ్మిది భజనలు. నేర్చుకోవడానికి 2021ది తీసుకోండి, ఆర్గన్ ఏం చేస్తోందో విప్పి చూపిస్తుంది.

ఆమె గొంతు లోతైనది, నడక బాగా విలంబితం. తొందరపడి చివర్లో వేగం పెంచే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. హార్మోనియం వాయించేవారు సాహిత్యాన్ని అక్షరం అక్షరం వెంబడిస్తే చప్పబడిపోతుంది. పాటను గొంతుకే వదిలేసి, కుడిచేత్తో గుచ్ఛం పట్టి, కింది స్వరం ఒక్కటి పాదం చివర మార్చండి. జోరు కావాలంటే ఆ తర్వాతి క్యాసెట్ల పాటలు తీసుకోండి: 1987, 90, 95లో వచ్చినవి. వాటిలోంచి ఏరి 2017లో ఒక సంకలనం వచ్చింది. అందులో ‘ఓం రామ’ చప్పట్లు, తాళవాద్యాలతో డెట్రాయిట్ చర్చి అయిపోతుంది. గొంతులు ఆశ్రమ వాసులవి, ఎక్కువమంది నల్లవారు. సింథసైజర్ స్వరం పైకీ కిందికీ జారడం వింటారు, హార్ప్ మీద ఆమెకు దొరకని జారు అది.

ప్రశ్న: జాన్ పాత టేపుల మీద వయొలిన్లు కలిపి పాడుచేశారని పాత రికార్డులు సేకరించేవాళ్లు తిడతారు. నిజమా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: కలపడం నిజం. 1972 నాటి ‘ఇన్ఫినిటీ’లో 1965, 66 టేపుల మీద వయొలిన్ బృందం, హార్ప్, ఆర్గన్, తంబూరా చేర్చారు, కొన్నిచోట్ల బాస్ కూడా మార్చి చార్లీ హేడెన్‌తో వాయించారు. పాడుచేశారా అన్నది మీరే తేల్చుకోవచ్చు: అందులోని ‘లివింగ్ స్పేస్’ అనే పాట కలపని రూపం 1998లో విడిగా వచ్చింది. రెండూ పక్కపక్కన వినండి. మా లెక్కలో జాన్ రికార్డుగా ‘ఇన్ఫినిటీ’ అక్కర్లేదు, ఆలిస్ రచనగా మాత్రం గట్టిది. అట్ట మీద ఆమె పేరు ముందు వేసుంటే ఇంత గొడవ ఉండేది కాదు.

ప్రశ్న: మొత్తం వినే తీరిక లేదు. నాలుగు చెప్పండి. (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ‘టా, ది ఎల్ దావుద్’ (1970)లో ‘తురీయ అండ్ రామకృష్ణ’. శాక్సోఫోన్లు లేవు, పియానో, బాస్, డ్రమ్స్, నిఖార్సైన బ్లూస్. తర్వాత ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ టైటిల్ పాట. మూడోది 1977లో వచ్చిన ‘రాధాకృష్ణ నామ సంకీర్తన’ చివరి పాట ‘ఓం నమశ్శివాయ’: ఆమె ఆర్గన్, పెద్ద కొడుకు జాన్ జూనియర్ డ్రమ్స్, మూడో మనిషి లేకుండా 19 నిమిషాలు. నాలుగోది ‘ఎ మొనాస్టిక్ ట్రయో’ (1968), నాయకురాలిగా ఆమె మొదటి రికార్డు. ఎల్పీకి ఒక పక్క పియానో, రెండో పక్క హార్ప్. ఆ హార్ప్ జాన్ బతికుండగా షికాగో లయన్ అండ్ హీలీ కంపెనీకి ఆర్డరిచ్చినది, ఇంటికి చేరింది ఆయన పోయాక. ఈమధ్య దాన్ని బాగు చేయించారు, 2025లో లాస్ ఏంజెలెస్ హామర్ మ్యూజియంలో ఆమె మీద పెట్టిన ప్రదర్శనలో ఉంచారు.